నాన్న సేవ్ చేశారు, మరి ఆ ఫైలు ఎక్కడికి పోయింది?

పోయిన వేసవిలో మా నాన్న వరసగా మూడు రోజులు ఒకే అధ్యాయం రాశారు. ఆయనకి 78 ఏళ్ళు. గుడివాడ దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ బడి రోజులన్నీ ఒక పుస్తకంగా రాసుకుంటున్నారు. తెలుగు టైపింగ్ సొంతంగా నేర్చుకున్నారు. ఒక్క వేలితోనే కొడతారు గానీ తప్పులుండవు. ఆయన రాసింది మెయిల్లో పంపితే నేను చూసి, నాకు తోచిన మార్పులు చేసి తిరిగి పంపుతాను.

సోమవారం మధ్యాహ్నం నేను పంపిన నాలుగో అధ్యాయాన్ని ఆయన మెయిల్లోంచే తెరిచారు. పైన ఒక పట్టీ వచ్చి, మార్పులు చేయాలంటే ఇక్కడ నొక్కండి అంది. నొక్కారు. సాయంత్రం దీపాలు పెట్టేవేళ దాకా రాశారు. నేను నేర్పినట్టే పేరా పేరాకీ కంట్రోల్ ఎస్ కొట్టారు. మంగళవారం మళ్ళీ మెయిల్ తీసి అదే అటాచ్‌మెంట్ తెరిస్తే నిన్న రాసింది లేదు.

అప్పుడే నాకు ఫోన్ చేసి ఉంటే బావుండేది. చెయ్యలేదు. రాయాలనుకుని రాశాననే అనుకుంటున్నానేమో అని తన మీద తనకే అనుమానం వచ్చింది. గుర్తున్నంత మేరకు కూర్చుని మళ్ళీ రాశారు, మళ్ళీ సేవ్ కొట్టారు. బుధవారం తెరిస్తే అదీ లేదు. మళ్ళీ రాశారు. ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు గొంతు మామూలుగా లేదు. "సేవ్ చేశానమ్మా. పేరా పేరాకీ చేశాను. చేసినట్టే గుర్తు. నాకేమైనా అవుతోందంటావా?" అన్నారు.

ఆయనకేమీ కాలేదు. చెప్పిందంతా నిజం. ఆ మెయిల్ ప్రోగ్రాం అటాచ్‌మెంట్ తెరిచిన ప్రతిసారీ దానికో నకలు తీసి, మామూలుగా ఎవరి కంటా పడని ఒక తాత్కాలిక ఫోల్డర్లో పెట్టి, ఆ నకలునే చూపిస్తుంది. ఆయన రాసిందంతా అందులోకి భద్రంగానే వెళ్ళింది. మర్నాడు మళ్ళీ మెయిల్లోంచి తెరిచేసరికి ఇంకో కొత్త నకలు పుట్టింది. ఆయన కంప్యూటర్‌ని దూరం నుంచే నా స్క్రీన్ మీదకి తెచ్చుకుని, ఇటీవలి ఫైళ్ళ జాబితా తీస్తే మూడు ఫైళ్ళు కనపడ్డాయి. పేరు ఒకటే, చివర బ్రాకెట్లో అంకె మాత్రం తేడా. వాటి చిరునామా స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. చదివి వినిపిస్తే నాన్న, "నేనెప్పుడూ అక్కడికి వెళ్ళలేదే" అన్నారు.

నాన్న సేవ్ చేశారు. కంప్యూటరూ సేవ్ చేసింది. ఎక్కడ అన్నది మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇది నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం నా పని. సాఫ్ట్‌వేర్ స్క్రీన్ల మీద కనపడే మాటల్ని తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. ఓపెన్‌కి 'తెరువు' అని రాసేసి ముందుకి వెళ్ళిపోతాం, దాంతో పేచీ లేదు. సేవ్ దగ్గర ఆగిపోతాం. 'భద్రపరచు' అంటే బ్యాంకు లాకరు గుర్తొస్తుంది. 'దాచు' అందామంటే ఆ మాటకి మన భాషలో రెండు అర్థాలు: డబ్బు దాచుకోవడమూ దాచడమే, ఎవరికీ కనపడకుండా చెయ్యడమూ దాచడమే. నాన్న ఫైలుకి ఆ రెండూ ఒకేసారి జరిగాయి. ఇక సేవ్ యాజ్ ఉంది చూశారూ, దానికి 'ఇలా భద్రపరచు' అనీ 'వేరే పేరుతో దాచు' అనీ ఎన్ని రాసినా, అది నొక్కాక పాత కాగితం ఏమైందో, ఇప్పుడు తన చేతిలో ఉన్నది ఏ కాగితమో చదివేవాడికి తెలియదు. మాట కుదరకపోవడం నా చేతకానితనం అనుకునేదాన్ని. ఆ పనే నాలుగు పనుల ముద్ద అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ ముద్దని విడదియ్యాలనే ఈ వ్యాసం.

ఒక్క బటన్, నాలుగు ప్రశ్నలు

కొత్త కాగితం మీద మొదటిసారి సేవ్ కొడితే వచ్చే డైలాగ్ బాక్స్ మనల్ని నాలుగు అడుగుతుంది. రాసింది ఉంచాలా? పేరేమిటి? ఎక్కడ పెట్టాలి? ఏ రూపంలో ఉండాలి? నాలుగింటికీ ఒకే చోట, ఒకే క్షణంలో జవాబు చెప్పాలి. పైగా ఆ బాక్సు మనం రాస్తున్నదాన్నే కప్పేసి నిలబడుతుంది.

మొదటి ప్రశ్న అడగాల్సిన అవసరమే లేదు. వండిన అన్నం ఉంచాలా పారబోయాలా అని ఏ ఇంట్లోనూ అడగరు. పారబోయాల్సి వస్తే అది మనిషి చెప్పాలి, అడక్కుండా ఉంచడం మాత్రం మామూలు మర్యాద. కంప్యూటర్ దీన్ని తిరగేసింది: మనం చెప్తేనే ఉంచుతుంది, చెప్పకపోతే పారబోస్తుంది. మూసేటప్పుడు 'మార్పులు సేవ్ చేయాలా' అని ఒక్కసారి అడిగి చేతులు దులుపుకుంటుంది. నాన్న పెన్షన్ లెక్కల ఫైలు ఒకటి ఉంది, అందులో ఒక గడిలో ఇవాళ్టి తేదీ వచ్చే ఫార్ములా పెట్టాను. ఆయన ఊరికే తెరిచి చూసి మూసినా, తేదీ లెక్క మారింది కాబట్టి 'మార్పులు సేవ్ చేయాలా' అంటుంది. "నేనేమీ మార్చలేదు తల్లీ, ఏం మారిందో చెప్పదేమిటి?" అని ఆయన టెన్షన్ పడతారు. న్యాయమైన ప్రశ్న. ఏం మారిందో చూపించకుండా ఉంచాలా వద్దా అని అడిగితే మనిషి ఏమని చెప్తాడు?

రెండోది పేరు. బిడ్డ పుట్టాక కూడా మనం పేరు పెట్టడానికి 21వ రోజు దాకా ఆగుతాం. కాగితానికి మాత్రం రెండు లైన్లు రాయకముందే పేరు కావాలి. అది ఉత్తరం అవుతుందో వ్యాసం అవుతుందో రాసేవాళ్ళకే తెలియని సమయం అది. అందుకే మన కంప్యూటర్లనిండా 'డాక్యుమెంట్1', 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఇదే ఫైనల్' అన్న పేర్లు. వీటిని చూసి జనానికి క్రమశిక్షణ లేదనే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అడగకూడని సమయంలో అడిగితే వచ్చే జవాబులవి.

మూడోది చోటు. అసలు కష్టం ఇక్కడే. నాన్న తన పుస్తకం ఫోల్డర్‌ని తెరిచి పెట్టుకునే పని చేస్తారు. అది ఆ డైలాగ్ బాక్స్ వెనకాలే, కంటికి కనపడుతూ ఉంటుంది. అయినా బాక్సుకి ఆ సంగతి పట్టదు. ఒక ప్రోగ్రాం డాక్యుమెంట్స్ ఫోల్డర్ చూపిస్తుంది, ఇంకోటి పోయినసారి తాను ఆగిన చోటు చూపిస్తుంది, మరోటి ఎక్కడో ఇంటర్నెట్‌లో ఉన్న తమ గోడౌన్ చూపిస్తుంది. ఫోల్డర్లో తేదీ వరసలో ఉన్న ఫైళ్ళు బాక్సులో అక్షర క్రమంలో ఉంటాయి. ఒకే బీరువాకి రెండు తలుపులు పెట్టి, ఏ తలుపు తీస్తే అర ఆ రకంగా సర్ది కనపడితే ఏ వస్తువు ఎక్కడుందని గుర్తుంటుంది?

ఇది పెద్దవాళ్ళ కష్టం మాత్రమే కాదు. నోటిఫికేషన్లు పడ్డ రోజుల్లో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్ళి చూడండి. దరఖాస్తులో ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి. బటన్ నొక్కితే బాక్సు తెరుచుకుంటుంది. లోపల పదిహేను అంకెల పేర్లతో వంద ఫొటోలు. తన ముఖం ఏ అంకెలో ఉందో ఆ పిల్లకేం తెలుసు? బాక్సు మూసి, ఫోల్డర్‌కి వెళ్ళి, బొమ్మ చూసి, పేరు కాగితం మీద రాసుకుని మళ్ళీ వచ్చిన అమ్మాయిని చూశాను. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో, ఫైళ్ళు చూపించే ఫైల్ మేనేజర్‌లో బొమ్మలు చిన్నగా కనపడే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఫైల్ డైలాగ్‌లో కూడా అవి గళ్ళుగా కనపడాలని 2004లో అడిగారు. వచ్చింది 2023లో. 19 ఏళ్ళు పట్టింది. రెండూ ఒకటే అయి ఉంటే ఆ పని రెండోసారి చెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు కదా.

నాలుగోది రూపం. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేరేవాళ్ళకి పంపేటప్పుడు పీడీఎఫ్ కావాలి, అప్పుడు అడిగితే చాలు.

ఆ బాక్సు ఎందుకు పుట్టింది

1984 జనవరిలో ఆపిల్ తెచ్చిన మొదటి మెకింటాష్ (మాక్) కంప్యూటర్‌లో మెమరీ 128 కేబీ. అందులో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడిచేది. ఫైళ్ళని చూపించే ఫైండర్ కూడా ఒక ప్రోగ్రామే కాబట్టి, ఉత్తరం రాసే ప్రోగ్రాం తెరవగానే ఫైండర్ పక్కకి తప్పుకోవాల్సి వచ్చేది. మరి రాస్తూ ఉండగా ఇంకో ఫైలు కావాలంటే? రాసింది ఫ్లాపీలో పెట్టాలంటే? అందుకని ఫైళ్ళ జాబితా చూపించే చిన్న కిటికీ ఒకటి తయారుచేసి, అన్ని ప్రోగ్రాములూ వాడుకునేలా సిస్టంలోనే పెట్టారు. ఫ్లాపీలో పట్టేది 400 కేబీ. రాయడం నెమ్మది, ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టాల్సి రావడం మామూలు. అప్పట్లో సేవ్ అంటే నిజంగానే ఒక పని, చేసేముందు మనిషిని అడగాల్సిన పని.

ఆ ఇరుకులో అది మంచి ఆలోచనే. 1987లో మల్టీఫైండర్ వచ్చి ఫైండర్ మిగతా ప్రోగ్రాములతో పాటు నడవడం మొదలయ్యాక ఆ కిటికీ అవసరం తీరిపోవాలి. తీరలేదు. 1992లో విండోస్ 3.1 అలాంటి బాక్సునే అన్ని ప్రోగ్రాములకీ ఉమ్మడిగా ఇచ్చింది, ఎడమవైపు ఫైళ్ళు, కుడివైపు ఫోల్డర్లు, ఎనిమిది అక్షరాలు దాటని పేర్లు. ఆ తర్వాత అందరికీ అదే అలవాటైపోయింది. అద్దె గదిలో చోటు లేక వేసుకున్న మడత మంచం, మేడ కట్టుకున్నాక కూడా నట్టింట్లో ఉండిపోయినట్టు.

అంతకు ముందు వేరే దారి లేదా అంటే, ఉంది. ఆపిల్ వాళ్ళే 1983లో అమ్మిన లీసా అనే కంప్యూటర్‌లో కొత్త కాగితం కావాలంటే స్టేషనరీ కట్ట బొమ్మ మీద రెండుసార్లు నొక్కాలి, కట్టలోంచి ఒక కాగితం చిరిగి వచ్చినట్టు కొత్తది వచ్చేది. అంటే రాయకముందే కాగితానికి ఒక చోటుంది. ఇంకో మాట చెప్పాలి. లీసాని ఆపే బటన్ నొక్కితే అది తెరిచి ఉన్నవన్నీ సేవ్ చేసి, సర్దిపెట్టి, అప్పుడు ఆగేది. మళ్ళీ వేస్తే బల్ల మీద ఎక్కడివి అక్కడ. 40 ఏళ్ళ కిందటి యంత్రం ఈ మర్యాద పాటించింది. దాని ఖరీదు దాదాపు 10,000 డాలర్లు, జనం కొనలేదు. ఆ ఖరీదుతో పాటు మంచి ఆలోచన కూడా మూలపడింది.

బొమ్మని లాగి వదిలితే

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే కంపెనీ ఉండేది. ఇవాళ మన ఫోన్లలో దాదాపు అన్నిటిలోనూ ఉండే ఏఆర్ఎం ప్రాసెసర్ పుట్టింది అక్కడే. వాళ్ళ ఆర్కిమెడీస్ కంప్యూటర్ల కోసం 1989లో రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. ఇప్పుడది రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. నాన్న సంగతి జరిగాక, వేరే వాళ్ళు దీన్ని ఎలా చేశారో చూద్దామని ఒక రాత్రి దాన్ని ఎక్కించి కూర్చున్నాను.

అందులో చిన్న ఎడిటర్ తెరిచి నాలుగు ముక్కలు రాసి సేవ్ అన్నాను. చీటీ అంత పెట్టె వచ్చింది. లోపల మూడే ఉన్నాయి: ఫైలు బొమ్మ, పేరు రాసే గడి, ఓకే బటన్. ఫోల్డర్ల జాబితా లేదు. అలవాటు కొద్దీ పేరు కొట్టి ఓకే నొక్కాను. సేవ్ చెయ్యాలంటే బొమ్మని ఫోల్డర్ విండోలోకి లాగమని చెప్పింది. పక్కన తెరిచి ఉన్న ఫోల్డర్లోకి లాగి వదిలాను. అక్కడే, నా కళ్ళముందే, ఆ ఫైలు ప్రత్యక్షమైంది. ఎక్కడ పెట్టానన్న ప్రశ్నే రాలేదు, నా చేత్తో నేనే పెట్టాను కాబట్టి. ఆ తర్వాత చిన్న బొమ్మ గీసి, దాని సేవ్ పెట్టెలోని బొమ్మని ఫోల్డర్‌కి బదులు పేజీలు కట్టే ప్రోగ్రాం మీదకి లాగాను. ఫైలుగా ఎక్కడా పెట్టకుండానే నేరుగా వెళ్ళి పేజీలో కూర్చుంది. నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత సులువైనది చేతికొచ్చాక లోకం దాన్ని ఎలా వదిలేసింది?

మర్నాడు తెలివొచ్చి ఆలోచిస్తే ఎందుకు వదిలేసిందో కొంత అర్థమైంది. ఆ పద్ధతికి ఫోల్డర్ ముందే తెరిచి, కంటికి కనపడుతూ ఉండాలి. నేను వాడే ల్యాప్‌టాప్‌లో ఏ విండో అయినా స్క్రీన్ మొత్తం నింపేస్తుంది. పైగా నాన్నకి కుడిచేయి కాస్త వణుకుతుంది. మౌసు బటన్ నొక్కి పట్టుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళడం ఆయనకి గండం, మధ్యలో జారి వేరే ఫోల్డర్లో పడిపోతుంది. అలా పడ్డ ఫైళ్ళు నేను ఎన్నో వెతికిపెట్టాను. కాబట్టి లాగడం ఒక్కటే దారి కాకూడదు.

కానీ దాని లోపలి ఆలోచన విలువైనదే: ఫైళ్ళు ఉండే చోటు ఒక్కటే, పెట్టడమైనా తియ్యడమైనా అక్కడే. లాగలేని వాళ్ళకి, సేవ్ అనగానే తెరిచి ఉన్న ఫోల్డర్ల పేర్లు పైన వరసగా చూపించి, ఇందులోనా అని అడగొచ్చు కదా. మాక్‌లో ఫోల్డర్ని తెచ్చి డైలాగ్ బాక్సులో వదిలితే బాక్సు ఆ చోటికి వెళ్తుంది. విండోస్‌లో అదే పని చేస్తే ఆ ఫోల్డరే లేచి వచ్చి బాక్సులో కనపడే చోట చేరుతుంది. చేతికి ఒకటే కదలిక, జరిగేవి రెండు. ఇలాంటిది ఎవరికైనా ఎలా నేర్పుతాం?

శుభలేఖల తమ్ముడు చెప్పిన మాట

కంప్యూటరే ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవాలి అని నేను గట్టిగా వాదిస్తుంటే, విజయవాడలో డీటీపీ సెంటర్, అంటే అచ్చుకి పేజీలు కట్టే కొట్టు, నడిపే మా పిన్ని కొడుకు అడ్డం పడ్డాడు. "అలా చేస్తే మా కొంపలు మునుగుతాయక్కా" అన్నాడు.

వాడి పని చూస్తే అర్థమవుతుంది. మాఘమాసం ముహూర్తాలకి రోజుకి పాతిక శుభలేఖలు. ఏదీ మొదటి నుంచి చెయ్యడు. పోయిన వారం చేసిన కార్డు తెరుస్తాడు, వధూవరుల పేర్లు, లగ్నం, కల్యాణమండపం మారుస్తాడు, వేరే పేరుతో సేవ్ చేస్తాడు. పాతది చెక్కుచెదరకూడదు, ఎందుకంటే ఆ పార్టీ వాళ్ళు రెండో దఫా అచ్చుకి రావచ్చు. తెరిచిన ఫైల్లో అక్షరం మార్చగానే కంప్యూటర్ తనంతట తాను సేవ్ చేసేస్తే, ఈ పెళ్ళికూతురి పేరు ఆ కార్డు మీదకి ఎక్కుతుంది. ఇది వాడొక్కడి పద్ధతి కాదు. ఆఫీసుల్లో పాత ఉత్తరం తెరిచి తేదీ మార్చేవాళ్ళు, బడిలో పోయినేటి ప్రశ్నపత్రం తెరిచి ప్రశ్నలు మార్చేవాళ్ళు, అందరూ ఇంతే. మనలో చాలామందికి పాత కాగితమే కొత్త కాగితం.

ఆపిల్ 2011లో సరిగ్గా ఈ రాయికే కాలు తగిలించుకుంది. లయన్ అనే మాక్ కొత్త వెర్షన్‌లో ఆటో సేవ్ తెచ్చారు, పాత ప్రతులన్నీ వెనక్కి వెళ్ళి చూసుకునే ఏర్పాటు తెచ్చారు. అంతవరకూ గొప్ప పని. కానీ సేవ్ యాజ్ తీసేసి 'నకలు చెయ్యి' అనే దాన్ని పెట్టారు. అంటే మార్చకముందే నకలు తీసుకోవాలి. మనుషులు అలా చెయ్యరు, మార్చాకే గుర్తొస్తుంది. గోల జరిగింది. 2012లో ఆప్షన్ కీ పట్టుకుంటే కనపడేలా సేవ్ యాజ్ తిరిగొచ్చింది, కానీ మొదట్లో అది కొత్త ఫైలుతో పాటు పాత ఫైల్లోనూ మార్పులు ఉంచేసేది. తర్వాత దానికో టిక్కు పెట్టి, అసలులో మార్పులు ఉంచాలా వద్దా అని అడగడం మొదలుపెట్టారు.

దీన్ని చూపించి, అందుకే సేవ్ బటన్ ఉండాలి అనేవాళ్ళున్నారు. తమ్ముడి మాట విన్నాక కొన్నాళ్ళు నేనూ అటే మొగ్గాను. ఇప్పుడు మాత్రం అలా అనుకోవడం లేదు. వాడికి కావలసింది సేవ్ చెయ్యకుండా ఉండే హక్కు కాదు, పాతది పాతగా ఉండటం. దానికి మందు 1983 నాటి స్టేషనరీ కట్టే. మాక్‌లో ఏ ఫైలుకైనా సమాచార కిటికీలో 'స్టేషనరీ ప్యాడ్' అని ఒక టిక్కు ఉంది, 1991లో సిస్టం 7తో వచ్చింది. అది పెడితే ఫైలు తెరిచిన ప్రతిసారీ దాని నకలే తెరుచుకుంటుంది. ఎవరూ వాడరు, ఎవరికీ తెలియదు కాబట్టి. ఆ టిక్కు ఎక్కడో లోపల కాక ఫైలు మీదే, తెరిచే దగ్గరే, 'ఇదే తెరవాలా, ఇలాంటిది ఇంకోటి తియ్యాలా' అని రెండు మాటలుగా ఉంటే తమ్ముడికి సరిపోతుంది. వాడికి చెప్తే ఒక్క క్షణం ఆలోచించి, "రెండోదే వాడతానక్కా, మొదటిది అచ్చుతప్పులకి" అన్నాడు.

సేవ్ చెయ్యను అనడానికి ఇంకో మంచి కారణం ఉంది. లెక్కల్లో ఊరికే అంకెలు మార్చి చూస్తాం, కోపంలో ఉత్తరం రాసి చల్లారాక వద్దనుకుంటాం. దానికి కావలసింది తెరిచినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యి అనే ఒక్క మాట. లయన్‌లో అది ఉంది కూడా.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపమే. 2017లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోకి ఆటో సేవ్ తెచ్చింది. మార్పులు ఎప్పటికప్పుడు దానంతట అదే సేవ్ కావాలంటే ఫైలు ఇంటర్నెట్‌లో ఉన్న వాళ్ళ గోడౌన్లు వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి. మన సొంత డిస్కులో ఉన్న ఫైలుకి ఆ సదుపాయం లేదు. పోకుండా చూడటం ఒక సంగతి, ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. మొదటిది కావాలంటే రెండోది మా ఇష్టప్రకారం అనడం ఏం న్యాయం? డిస్కు మీద ఇది కుదరని పనేమీ కాదు. 2023 నుంచి విండోస్ 11 నోట్‌ప్యాడ్ సేవ్ చెయ్యని కాగితాలని మూసినా మర్నాడు ఉన్నవి ఉన్నట్టు తెరుస్తోంది.

అసలు ఫైలే వద్దంటే

మా ఆఫీసులో పాతికేళ్ళ పిల్లలు ఈ చర్చ మొత్తం విని, ఫైళ్ళూ ఫోల్డర్లూ ఎందుకు, గూగుల్ డాక్స్‌లో సేవ్ బటనే లేదు కదా అంటారు. ఫోన్లో ఎవరూ దేన్నీ సేవ్ చెయ్యరు, వెతికితే దొరుకుతుంది. నిజమే, పోవడమన్న భయం అక్కడ లేదు. కానీ అక్కడ కాగితం ఆ యాప్ ఇంట్లో ఉంటుంది, నా ఇంట్లో కాదు.

దీనికి నాకు దొరికే సాక్ష్యం మళ్ళీ డీటీపీ సెంటర్లే. తొంభైల నుంచీ తెలుగు పుస్తకాలు వేలకొద్దీ పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాంలో, అను ఫాంట్లలో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. ఆ అక్షరాలు ఇప్పుడు అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉన్న యూనికోడ్ కావు, వేరే చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. అయినా ఆ ఫైళ్ళు సీడీల్లో, పాత డిస్కుల్లో ఉన్నాయి కాబట్టి ఇవాళ వాటిని యూనికోడ్‌లోకి మార్చి మళ్ళీ అచ్చు వేసుకోగలుగుతున్నాం. ప్రోగ్రాం పోయినా కాగితం మిగిలింది. అవన్నీ ఎవరిదో ఒక అకౌంట్ లోపల ఉండి, ఆ కంపెనీ తలుపు మూసి ఉంటే? నాన్న పుస్తకం ఆయన మనవల పిల్లలు కూడా తెరవగలగాలి. అందుకే నాకు ఫైలు కావాలి, దానికి ఒక చోటు కావాలి, ఆ చోటు మాకు తెలియాలి.

డైలాగ్ బాక్స్‌ని పూర్తిగా తీసెయ్యమనను. అది ఇప్పుడు ఇంకో పని కూడా చేస్తోంది. బ్రౌజర్‌లో తెరిచిన ఏదో సైటు నా డిస్కంతా చదవలేదు, ఆ బాక్సులో నేను వేలుపెట్టి చూపించిన ఫైలే దానికి అందుతుంది. ఇది మంచి కాపలా, ఉండాల్సిందే. ఆ కాపలావాడు మా ఇంటి బీరువానే చూపించాలి, తన దగ్గరున్న వేరే నమూనా కాదు, అంతే.

కాపలా అంటే ఇంకొకటి. నాన్న ఆ రోజు నొక్కిన పట్టీ గుర్తుందా, మార్పులు చేయాలంటే ఇక్కడ నొక్కండి అన్నది? అది వైరస్ భయంతో పెట్టింది. మెయిల్లోంచి, డౌన్‌లోడ్‌లోంచి, పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచిన కాగితం మన ఇంటిది కాదు, ఇంకా గుమ్మంలో ఉంది. కంప్యూటర్ గట్టిగా ఆపి అడగాల్సింది ఏదైనా ఉంటే ఆ ఒక్క క్షణంలోనే: దీన్ని మీ దగ్గర ఎక్కడ ఉంచుకుంటారు? అది చెప్పేదాకా ఒక్క అక్షరం కూడా మార్చనివ్వకూడదు. చెప్పాక ఇక ఏమీ అడక్కూడదు. ఇవాళ్టి పద్ధతి అడగక్కర్లేని చోట నాలుగు ప్రశ్నలు వేస్తుంది, అడగాల్సిన చోట నోరు మెదపదు.

మూడు ప్రతులు

నాన్న కంప్యూటర్‌లో నా చేతనైనంత సర్దాను. వేస్తే ముందుగా పుస్తకం ఫోల్డరే తెరుచుకుంటుంది. నేను పంపే అధ్యాయాలు మెయిల్లో కాక, మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆ ఫోల్డర్లోకే నేరుగా వస్తాయి. అటాచ్‌మెంట్ అన్న మాటే మా మధ్య లేదిప్పుడు. పాత ప్రతులు రోజుకొకటి చొప్పున వేరే డిస్కులోకి వెళ్తాయి.

ఆ మూడు తాత్కాలిక ఫైళ్ళనీ పక్కపక్కన పెట్టి ఒక ఆదివారం ఇద్దరం ఫోన్లో చదువుకున్నాం. స్కూల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చిన సంఘటన అది. సోమవారం రాసిన దాంట్లో ఇన్‌స్పెక్టర్ సైకిలు మీద వచ్చాడు, కాలవ గట్టు మీద ఎదురెళ్ళి తీసుకొచ్చారు. మంగళవారం రాసిన దాంట్లో గట్టు లేదు, కానీ ఆ రోజు మధ్యాహ్నం పిల్లలకి పెట్టిన ఉప్మా గురించి అరపేజీ ఉంది. బుధవారం నాటిది పొట్టిది. మనసు పెట్టి రాయలేదని చదువుతుంటేనే తెలుస్తోంది. అందులో మాత్రం ఆ ఇన్‌స్పెక్టర్ వెళ్ళేముందు నాన్న భుజం మీద చెయ్యి వేసి ఏమన్నాడో ఉంది, మిగతా రెండింట్లో అది లేదు.

"ఏది ఉంచమంటారు నాన్నా?" అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మూడూ ఉంచమ్మా. ఎక్కడ పెట్టావో మాత్రం చెప్పు, రాసుకుంటాను" అన్నారు. ఫోల్డర్ పేరు చెప్పాను. అవతల డైరీ కాగితం తిప్పుతున్న చప్పుడు వినిపించింది.